అయిదో నంబరు

"బూట్లు విప్పండమ్మా, పాదాలు చూడాలి" అంది డాక్టరు.

పాటల టీచరు వంగబోయింది గానీ ఆయాసం అడ్డొచ్చింది. భర్త చటుక్కున నేల మీద కూర్చుని తాళ్లు విప్పాడు. ఆ బూట్లు కుట్టిందీ ఆయనే. ఆయన వృత్తే అది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె వేరే చేతి బూటు తొడిగి ఎరగదు.

డాక్టరు బొటనవేలితో పాదం మీద నొక్కింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. నీరు పట్టిందని చెప్పి, తలకి తీసిన స్కాన్ ఫిల్ము చూపించింది.

మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుందట. దాంట్లోంచి వచ్చే హార్మోను వల్లే పిల్లల ఎముకలు సాగుతాయి, కండ పడుతుంది. దూడకైనా, కుక్కపిల్లకైనా అంతేనట. ఎదిగే వయసు దాటాక ఎముకల కొసలు మూసుకుపోతాయి. ఆ తర్వాత గ్రంథిలో గడ్డ లేచి ఆ హార్మోను ఆగకుండా ఊరితే, ఎముక పొడవు పెరగలేక లావెక్కుతుంది. వేళ్లు, దవడ, పాదాలు.

"గుండె కూడా కండే కదమ్మా. అదీ పెరిగిపోయింది. ఆపరేషన్ చేద్దామంటే మత్తుకే తట్టుకోదు. మందులతో కొన్నాళ్లు నెట్టుకురావాలి. నాలుగేళ్ల ముందు వచ్చుంటే గడ్డ తీసేసేవాళ్లం."

ఆయన ఇంకా నేల మీదే ఉన్నాడు, ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని.

టీచరే ముందు తేరుకుంది. ఉంగరం బిగుసుకుంటే ఒళ్లు చేశాననుకుందట. గొంతు బొంగురుపోతే, పిల్లల మీద అరిచి అరిచి అలా అయిందనుకుందట. పళ్ల మధ్య సందులొస్తే వయసు మీద తోసేసిందట.

"అన్నిటికీ ఏదో ఒక సాకు దొరుకుతుంది. పాదాలకే దొరకదు" అంది డాక్టరు. "చాలామంది అక్కడే పట్టుకుంటారు. బూట్లు బిగుతైపోతుంటాయి, నంబరు మారిపోతుంటుంది. మీకు అనుమానం రాలేదా?"

"నాకు మారలేదండీ. అప్పుడూ అయిదే, ఇప్పుడూ అయిదే."

ఆ మాట చెప్పేటప్పుడు అంత దిగుల్లోనూ ఆమె గొంతులో కాస్త గర్వం పలికింది. చిన్నప్పుడు అక్కలు ఆమె పాదాలను పడవలని ఏడిపించేవాళ్లు. పెళ్లయిన వారానికే ఆయన కొలత తీసి, అయిదో నంబరే, అందులో వంకేముందని తేల్చేశాడు. అప్పటి నుంచీ ముద్దొచ్చినప్పుడల్లా "ఏమోయ్ అయిదో నంబరూ" అనే పిలుపు. చాలా ఏళ్ల కిందట ఒక్కసారి మాత్రం బూట్లు కరిచాయి. పాదాలు పెరుగుతున్నాయేమోనని ఆమె గడప మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. వానకి తోలు ముడుచుకుందని ఆయన నవ్వేసి కొత్త జత కుట్టిచ్చాడు. మళ్లీ ఏ జతా కరవలేదు.

డాక్టరు బూటు తీసుకుని లోపల చూసింది. అట్ట మీద అయిదు అంకె స్పష్టంగా ఉంది.

"అయితే మీ ఒళ్లు ముందుగా చెప్పలేదమ్మా. ఒక్కొక్కరికి అలా జరుగుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

వార్డులో మంచం ఇచ్చారు. ఆమె దిండుకి ఆనుకుని భర్త వంక చూసింది.

"విన్నారుగా, ఎవరి తప్పూ లేదట. మొహం అలా పెట్టకండి."

ఆయన తలూపాడు.

"ఈ కాళ్లకి ఇవి బరువుగా ఉన్నాయి. మెత్తని జత ఒకటి కుట్టి తెస్తారా? ఇక్కడ నాలుగడుగులు వేయడానికి."

తెస్తానన్నాడు.

తిన్నగా తన బూట్ల కొట్టుకి వెళ్లి తలుపు తీసి, ఉన్నవాటిలో మెత్తని తోలు ఏరాడు. గోడ పొడవునా పాదాల ఆకారంలో కొయ్య అచ్చులు, నంబర్ల వరసన. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాత ఎనిమిదో నంబరు అచ్చు కిందికి దించి, బూట్లు కరిచిన ఆ రోజు నుంచీ ప్రతి జతకూ చేస్తున్నట్టే, లోపలి అట్ట మీద అయిదు అని ముద్ర కొట్టాడు.