గోనె కుమ్మరించిన చోట

మినపచేల గట్టు మీద ఓ ముసలాయన చచ్చిన ఎలకను తోక పట్టి ఎత్తి, గోనెలో వేసుకున్నాడు.

శ్రీనివాసరాజు బైనాక్యులర్స్‌లోంచి అది చూశాడు.

తొంభై ఎనిమిది జనవరి. చలిదేశాల నుంచి వచ్చిన గద్దలను జిల్లా అంతటా లెక్కపెడుతున్నారు. ఈ ఊరి లెక్కకు రాజు, అతని సహాయకురాలు హైమ వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో ఒకటో రెండో కనిపించాయి. చేల పక్కనున్న ఈ గడ్డిబీట్లోనే మందగా దిగి రాత్రి పడుకుంటాయి. ఎందుకో ఎవరికీ తెలీదు.

రాజు గట్టెక్కాడు. “ఏంటా సంచిలో?”

“ఎలకలండి.”

“వేల మైళ్లు ఎగిరొచ్చిన గద్దలు ఏం తినాలి? వాటి నోటికాడ కూడు ఎత్తుకుపోతావా?”

“ఇవి మందు తిన్నవండి.”

“ఓహో. మందు తిన్నవాటిని కూరొండుకుంటావా?”

“కూరక్కాదండి...”

“కథలు చెప్పకు.”

మెడలో బైనాక్యులర్స్ ఉన్నవాడికి అన్నీ తెలిసినట్టే ఉంటుంది. రాజు గోనె లాక్కుని, గడ్డిలో కుమ్మరించాడు.

“వద్దు బాబుగారూ.” ముసలాయన ఏరబోయాడు. రాజు ఆయన భుజం పట్టి నెట్టాడు. చీకటి పడేదాకా అక్కడే కాపలా నిలబడ్డాడు.

గద్దలు దిగాయి. కొన్ని ఆ ఎలకల మీద వాలాయి.

“పోనీలే, ఇవాళ కడుపు నిండింది,” అన్నాడు రాజు.

“నలభై ఒకటండి,” లెక్క రాసుకుంది హైమ.

తెల్లారి మళ్లీ లెక్క. మంచులోంచి గద్దలు ఒక్కొక్కటే లేచాయి.

హైమ పెన్ను ఆగింది. “ఇరవై తొమ్మిదేనండి.”

రాజు గడ్డిలోకి నడిచాడు. పన్నెండూ అక్కడే ఉన్నాయి. రెక్కలు పరిచి, గోళ్లు ముడుచుకుని.

గట్టు పక్కన ముసలాయన అప్పటికే గొయ్యి తవ్వుతున్నాడు. తలెత్తలేదు.

“నా గోనె ఇప్పించండి,” అన్నాడు. “ఇవి ఎత్తాలి.”

రాజు తెచ్చి ఇచ్చాడు.

చేను గల అచ్చాయమ్మ వచ్చి ఆ పక్షుల్ని చూసి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నిన్న అబ్బులు రాలేదాండీ?”

గొయ్యి దగ్గరున్న ముసలాయన వైపు చెయ్యి చూపించింది.

“మందు అన్ని ఊళ్లలోనూ పెడతారండి. ఇక్కడ మాత్రమే గద్దలు మిగిలాయంటే, అవి తినేలోపు చచ్చిన ఎలకల్ని ఏరి పాతిపెట్టేది, ఆరేళ్లుగా, ఎవరూ చెప్పకుండా, ఈ అబ్బులు ఒక్కడేనండి.”