నత్త వీపు మీది ఉప్పు

ఎర్రచీమ ఒంట్లో ఎప్పుడూ ఆమ్లం ఊరుతుండేది. ఎవరి మీదికి పాకినా మంటపుట్టి విదిలించేసేవారు. ఎవరో ఒకరి పక్కన కాసేపు కూర్చోవాలని దానికి మహా ఆశ.

"నా వీపెక్కవే," అంది ముసలి నత్త. "నా గుల్లంతా సున్నమే. నీ మంట అక్కడే చల్లారిపోతుంది."

చీమ ఎక్కింది. ఆమ్లం తగిలినచోట గుల్ల బుస్సుమని నురగ కట్టింది. కాసేపటికి చీమ పులుపూ లేదు, అక్కడి సున్నమూ లేదు. రెండూ కలిసి చిటికెడు తెల్లటి ఉప్పయ్యాయి.

చీమ రోజూ వచ్చేది. గుల్ల రోజూ కొంచెం పలచబడేది. ఒక పొద్దున గుల్లలోంచి నత్త మెత్తటి ఒళ్ళు లీలగా కనబడింది చీమకి.

"ఇంక రాను పెద్దమ్మా."

"రేపొక్కరోజు రావే."

చీమ దిగిపోయింది. మళ్ళీ రాలేదు.

ఉప్పంటే నత్తలకు ప్రాణభయం. వీపు మీద మిగిలిన ఆ ఉప్పు దులిపేసుకోమని చుట్టాలంతా పోరారు. ముసలి నత్త వినలేదు.

ఎండలు ముదిరి, చివరికి తొలకరి పడింది. నత్తలన్నీ ఆత్రంగా వానలోకి పాకాయి. ముసలి నత్త ఒక్కతే ఒళ్ళంతా ఎండిపోయి, వీపు తడవకుండా రాతి కిందికి ఇంకా లోపలికి జరిగింది.