నేతగాడు ఒప్పుకున్నాడు

యూనివర్సిటీలో ఈ-బిజినెస్ చదువుతున్న పద్మలత, తమ కొత్తవాడలో నేసే జంపఖానాలు అమ్మే వెబ్‌సైట్ ఒకటి తయారుచేసింది. తెల్లారితే క్లాసులో చూపించాలి. అది ఇంకా ఆమె ల్యాప్‌టాప్ దాటి బయటికి పోలేదు.

ప్రతి ఆర్డర్‌కూ ఒక నేతగాడి పేరు ఉండి తీరాలని ఆమే నియమం పెట్టింది. అందుకే పరీక్ష కోసం ఒక ఎర్ర జంపఖానా ఆర్డర్ పెట్టి, పోయిన ఏడాది చనిపోయిన తండ్రి కుమారస్వామి పేరు రాసింది.

అన్నం తిని వచ్చేసరికి తెర మీద "నేతగాడు ఒప్పుకున్నాడు" అని ఉంది. ఆ మాట నేతగాడు ఒప్పుకుంటేనే వస్తుంది.

తాళం వేసిన వెనక గదిలో మగ్గం మోగింది. రెండు దెబ్బలు, కాస్త విరామం. మోకాలి నొప్పితో తండ్రి అలాగే నేసేవాడు.

"అమ్మా, ఇనవడ్తాందా? ఆర్డర్ రద్దు జేస్త."

తల్లి కట్టమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "వద్దు బిడ్డా. ఏడాదాయె ఆ సప్పుడు ఇనక."

"ఒక్క జంపఖానానే అమ్మా. అది నేసినంక?"

"పోతడు గావచ్చు."

పద్మలత తెర వైపు తిరిగింది. ఎన్ని కావాలి అన్నచోట ఉన్న ఒకటిని చెరిపి, వంద అని కొట్టింది.

"అయ్యో, ఒక్కనికి అంత పని జెప్తవానే," అంది కట్టమ్మ మెల్లగా.

మగ్గం ఆగిపోయింది. లోపల ఒక కాలు ఈడుస్తూ ఎవరో తలుపు దాకా వచ్చారు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.