మా సారు కారు

“కారు కొనే ఆయన సందు మొదట్లోకి వచ్చేశాడట. మీరింకా ఆ లైటు దగ్గరే కూర్చున్నారు,” అంది సుశీల వరండాలోంచి. “షెడ్డులో ఇస్తే వాళ్ళే చేసిపెట్టేవాళ్ళు కదండి.”

“అయిపోయింది. నువ్వు వెళ్ళి టీ పెట్టు,” అన్నాడు బసవేశ్వరరావు, టూత్‌పేస్టు అంటిన చేత్తోనే చెమట తుడుచుకుంటూ.

తెనాలిలో బ్యాంకు మేనేజరుగా రిటైరైన ఆయన, సంతకాలు తప్ప చేత్తో మరో పని చేసి ఎరగడు. పొద్దున్నుంచీ లుంగీ, చిరుగుల బనీనుతో కూర్చుని, పసుపెక్కిన హెడ్‌లైట్లను తడి గరుకు కాగితంతో రుద్ది, పేస్టు పట్టించి, గుడ్డతో తుడుస్తున్నాడు. రెండో లైటు కూడా తళతళలాడేసరికి తన చేతులను తానే నమ్మలేకపోయాడు.

గేటు చప్పుడైంది. రేపల్లెలో ట్రావెల్స్ నడిపే యేసుదాసు లోపలికి వచ్చాడు. ఫోన్లో మాట్లాడిందంతా సుశీలే కాబట్టి అతనికి ఈయన ముఖం తెలియదు.

“సారున్నారా బాబాయ్?”

బసవేశ్వరరావు తన అవతారం ఒకసారి చూసుకున్నాడు. నేనే సారునని చెప్పడానికి నోరు రాలేదు.

“స్నానం చేస్తున్నారండి.”

యేసుదాసు కారు చుట్టూ తిరిగి వచ్చి గొంతు తగ్గించాడు. “రోజూ చూసేవాడివి, నిజం చెప్పు బాబాయ్. బండి ఎలాంటిది?”

“బండి బంగారమండి. నడిపే ఆయనతోనే తంటా.”

“ఏం, సరిగ్గా నడపడా?”

“గేట్లోంచి తీస్తూ ఈ పక్కంతా గీకేశాడు. బాపట్ల వెళ్తూ పిట్టలవానిపాలెం దగ్గర గడ్డివాములోకి ఎక్కించాడు. లైట్లు మసకగా ఉండి కనపడలేదని ఇంట్లో చెప్పాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నమండి.”

యేసుదాసు నవ్వాడు. బసవేశ్వరరావుకూ నవ్వొచ్చింది. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఎవరూ ఆయన్ని ఎదురుగా ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తనను తానే అంటూ ఉంటే ఎందుకో హాయిగా ఉంది.

“ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా క్లచ్ మీద కాలు తియ్యడండి. ఆ క్లచ్ ఎన్నాళ్ళుంటుందో మీరే చెప్పండి.”

అనేశాక నాలిక కరుచుకున్నాడు. అమ్మాల్సిన కారు తనదేనన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

యేసుదాసు బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు. హెడ్‌లైట్ల ముందు కూర్చుని, వేలితో రాసి చూశాడు.

“ఇది నువ్వు చేసిందేనా?”

“నేనేనండి.”

యేసుదాసు లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వినపడకుండా ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

సుశీల టీ కప్పులతో వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

“వెళ్ళిపోయాడేంటి? కారు నచ్చలేదా?”

“నచ్చలేదు.”

“మరి మీ ముఖంలో ఆ వెలుగేంటండి?”

బసవేశ్వరరావు కుళాయి కింద చేతులు కడుక్కుంటూ అన్నాడు.

“రేపల్లెలో ఆయన కార్లన్నిటికీ లైట్లు పసుపెక్కి ఉన్నాయట. సోమవారం నుంచి నాకు క్యారేజీ కట్టు.”