గూట్లో దొరికిన ఈక

"ఇదిగో, రెండు పెట్టలు మాయమైన మా కోళ్ల గూట్లో దొరికింది! నీ గద్ద ఏ పాపమూ ఎరగదని ఇంకా బుకాయిస్తావా?" అంటూ వదిన నా మొహాన ఈక విసిరింది. "సాయంత్రం తుపాకీవాణ్ణి పిలిపిస్తున్నా!"

రెక్క విరిగితే నేను చేరదీసిన గద్ద అది. ఈకని బట్టి పక్షిని చెప్పడమే నా ఉద్యోగం. ఆ చారలు చూశాక అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"దానిదే," అన్నాను.

"అదీ, దారికొచ్చావు!"

ఈక తిరగేశాను. కాడలో గుండుసూది బెజ్జం ఉంది. కిందటేడు గద్ద రాల్చితే, అట్టకి గుచ్చి నా గదిలో దాచి తాళం వేసిన ఈక ఇది.

"గూట్లో ఎవరికి దొరికింది వదినా?"

"ఇంకెవరికి? నీ మొగుడికే!"

ఆ గదికి రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

"తుపాకీవాణ్ణి తప్పకుండా రమ్మను," అన్నాను. "గురి ఎవరికి పెట్టాలో నేను చూపిస్తా."