చివరి వరుస

డిక్కీలో పెట్టెలు పడతాయో లేదో చూడాలి, వెనక్కి ఏసీ గాలి వస్తుందో లేదో కనుక్కోవాలి, కాళ్ళు చాపుకోవడానికి చోటుందో లేదో తేల్చుకోవాలి. ఇక ఏ ప్రయాణానికీ రానని భీష్మించిన పిన్ని కోసమే అతను ఏడు సీట్ల బండి చూస్తున్నాడు.

"చివరి వరుస నీదే పిన్నీ, రాజభోగం! ఉండు, కూర్చుని చూపిస్తా."

పిన్నిని మధ్యలో కూర్చోబెట్టి తను వెనక్కి దూరాడు. టెస్ట్ డ్రైవ్‌కని సేల్స్‌మన్ బండి కదిలించాడు.

ముందు సీట్లోంచి భార్య ఏదో అంది. టైర్ల హోరులో అతనికి ఒక్క ముక్కా వినపడలేదు. "ఏంటీ?" అని అరిచినా ఎవరూ పట్టించుకోలేదు. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వేశాడు.

పిన్ని వెనక్కి తిరిగింది. "వినపడిందా నాన్నా?"

"లేదు."

"మరెందుకు నవ్వావురా?"

అతను ముందు సీట్ల వైపు చూశాడు.

"ఇన్నేళ్ళూ వెనక సీట్లో నేనూ అంతే," అంది పిన్ని.

మీ బండిలో చివరి సీట్లో ఉన్న మనిషిని కాస్త గుర్తుంచుకోండి.