పాత జట్టు మర్యాద

"కెల్బీకా? ఈ వానలో అంత దూరం వచ్చి ఏం చూస్తావు? పైకప్పు కారే స్టాండు, చల్లారిన చిప్స్. దరిద్రపు ఊరు అది," అన్నాడు డారిల్, బూట్లు సంచిలో కుక్కుకుంటూ.

"నువ్వు ఆడుతుంటే చూస్తాను."

"ఇక్కడ ఆడినప్పుడు చూస్తూనే ఉన్నావుగా. ఇంట్లో వెచ్చగా కూర్చో."

వద్దన్న ఆ తీరే అతని భార్య కర్స్టీని బయల్దేరదీసింది. జట్టు బస్సు కదిలిన అరగంటకు ఆమె రైలెక్కింది.

డారిల్ పిల్లింగ్ ముప్ఫై నాలుగేళ్ల ఫుట్‌బాల్ ఫార్వర్డ్. పెద్ద డివిజన్ల గడప తొక్కినవాడు కాదు. పదహారేళ్లలో తొమ్మిది జట్లు మారాడు. కొన్నిచోట్ల రెండేసి సీజన్లు, ఒకచోట అరువు ఆటగాడిగా మూడు నెలలు. ప్రస్తుతం నాలుగో డివిజన్‌లో హాల్డెన్ టౌన్‌కు ఆడుతున్నాడు. ప్రతి ఊళ్లోనూ జనం అతనికి ఓ పాట కట్టారు. ప్రతి ఊళ్లోనూ కర్స్టీ అద్దె ఇంటి పొయ్యికి పట్టిన పాత జిడ్డు గీకింది. తొలి రోజుల్లో ఆమె ఆ పాటలను చూసి అసూయపడేది. తరువాత అతని పక్కన నిలబడి ఫొటోలు దిగే ఆడపిల్లలను చూసి. ఇప్పుడు ఆ అసూయకు ఒక పేరు దొరికింది: జోడీ, హాల్డెన్ జట్టు ఫిజియోథెరపిస్టు.

కర్స్టీ ఆధారాలు లేకుండా అనుమానించే మనిషి కాదు. సెలవు దినమైన బుధవారం కూడా డారిల్ మోకాలికి వైద్యమంటూ కారు తీస్తున్నాడు. చీకటి పడ్డాక ఈల వేసుకుంటూ తిరిగి వస్తున్నాడు. కుంటుతూ వెళ్లినవాడు కుంటుతూనే వస్తున్నాడు. గుణమివ్వని వైద్యానికి మనిషి అంత సంతోషపడటానికి ఆమెకు ఒక్క కారణమే కనిపించింది.

"ఎవరావిడ?" అని ఒకసారి సూటిగానే అడిగింది.

"నా మోకాలు," అన్నాడు డారిల్. "నీకంటే ముందు నుంచీ దానితోనే నా కాపురం."

కెల్బీ మైదానంలో హాల్డెన్ అభిమానులకు కేటాయించిన స్టాండులో, కోటు టోపీ కళ్లదాకా లాక్కుని కూర్చుంది కర్స్టీ. పక్కసీటులో నార్మా అనే ముసలావిడ. హాల్డెన్ ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరికి ఫ్లాస్కుతో సహా హాజరయ్యే మనిషి. పక్కనున్నది ఎవరో ఆమె గుర్తుపట్టలేదు.

మొదటి సగంలోనే కెల్బీ డిఫెండర్ ఒకడు డారిల్‌ను మోకాలి మీద తన్నాడు. డారిల్ బురదలో కూలబడ్డాడు. మందుల సంచితో జోడీ పరుగెత్తుకొచ్చి, అతని పక్కన మోకరిల్లి, తొడ మీద చెయ్యి వేసింది.

"ఆ చెయ్యి అక్కడ ఎంతసేపుండాలి?" కర్స్టీ నోటి నుంచి మాట జారిపోయింది.

నార్మా పడీపడీ నవ్వింది. "ఎంతసేపైనా ఉండనీ తల్లీ! ఆ పిల్లకు వీళ్ల తొడలూ ఒకటే, ఈ బెంచీ కోళ్లూ ఒకటే. వచ్చే నెల దాని పెళ్లి. చేసుకునేది మా వీధి బేకరీలో పనిచేసే ఫ్రేయా అనే అమ్మాయిని. ఇద్దరూ పదో తరగతి నుంచీ ఒకరినొకరు వదిలితేగా!"

అప్పుడే మైదానంలోంచి జోడీ గొంతు ఖంగుమంది. "లే డారిల్, నటించింది చాలు! మా తాత కూడా ఇంతకంటే చురుగ్గా లేస్తాడు!"

స్టాండంతా గొల్లుమంది. కర్స్టీ కూడా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

రెండు నెలలుగా రాత్రింబవళ్లు పేర్చుకున్న తర్కం ఒక్క మాటకు కూలిపోయింది. మనిషి ఈల వేయడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చునని ఆమెకు తోచింది. మోకాలు ఇంకొక్క సీజన్ నిలుస్తుందని వైద్యుడు మాట ఇచ్చి ఉండవచ్చు. ఆమె టోపీ వెనక్కి తోసి, నార్మా ఇచ్చిన సాసేజ్ రోల్‌లో సగం తిన్నది. ఆట కాగానే బస్సు దగ్గరికి వెళ్లి డారిల్‌ను ఆశ్చర్యపరచాలనుకుంది. దారిలో క్షమాపణ ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకుంది.

ఆట ముగియవచ్చింది. ఇరుపక్షాలకూ గోల్ లేదు. హాల్డెన్‌కు కార్నర్ కిక్ దొరికింది. గాలిలో తేలివచ్చిన బంతిని డారిల్ అందరికంటే ఎత్తుకు లేచి నుదుటితో కొట్టాడు. వల ఊగింది.

సహచరులు అతని మీద ఎగబడ్డారు. డారిల్ నవ్వలేదు. చేతులు పైకెత్తి పరుగు తీయలేదు. అందరినీ విడిపించుకుని, ఎదురుగా కెల్బీ జనం కూర్చున్న స్టాండులో ఒక మూలవైపు తిరిగాడు. తల వంచి, తప్పయిందన్నట్టు రెండు అరచేతులూ గుండెదాకా ఎత్తి చూపాడు. తరువాత మెల్లగా మధ్యగీత వైపు నడిచాడు.

"వీడేమిటి, గోల్ కొట్టాడా, ఎవరి కారునైనా గుద్దాడా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"నోరు ముయ్యవయ్యా!" నార్మా గిర్రున తిరిగింది. "అది పాత జట్టుకు ఇచ్చే మర్యాద. తిండి పెట్టిన క్లబ్బు మీద గోల్ కొట్టి ఎవడైనా గంతులేస్తాడా? అయినా మన డారిల్ కాపురం పెట్టని ఊరు ఈ దేశంలో ఎక్కడుంది!"

ఆమె కళ్లు తుడుచుకుని కర్స్టీ చెయ్యి పట్టుకుంది.

"చూశావా తల్లీ, ఎంత విశ్వాసమో! ఇలాంటివాణ్ని కట్టుకున్న ఇల్లాలెవరో గానీ, అదృష్టవంతురాలు."

డారిల్ ఆడిన తొమ్మిది జట్లలో కెల్బీ లేదని ఆ స్టాండులో కర్స్టీ ఒక్కదానికే తెలుసు.